నేను పీకించిన రెండు వరుసలు

ఆదివారం, పుంగనూరు.

కుప్పంలో కంప్యూటరు చదివే నా మనవరాలు సుజాత ఈరోజు మదనపల్లె నెట్ సెంటరులో అందరి ముందూ ఎగిరి గంతేసింది. తను సరిచేసి పంపినది ఒప్పుకున్నారట.

కంప్యూటరు ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో వెతికిపెట్టే పనిముట్టు ఒకటి ఉందట. దాన్ని ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. పోయిన నెల సుజాత అందులో పనికిరాదనుకుని ఒక వరుస తీసేసి పంపితే, అది కావలసిందేనని దాన్ని చూసుకునేవాళ్ళు తిప్పి పంపారు. అప్పటినుంచి పిల్ల సరిగా అన్నం తినలేదు.

పోయిన వారం సుజాత ఆ ప్రోగ్రాము అచ్చేసిన కాగితాలు ముందేసుకుని కూర్చుంటే నేనూ చూశాను. నాకు ఇంగ్లీషు రాదు. కళ్ళు మాత్రం బాగున్నాయి.

"ఈడుండే రెండు వరుసలే కిందా ఉండాయి. యాలమ్మా?" అన్నాను.

"అవును తాతా! ఒకే పని రెండుతూర్లు చేస్తాండాది. నేను సూడనేలేదే!"

"ఒక గుంతలో రెండు టమాటా మొక్కలుంటే ఒకటి పీకాల. పోయినసారి మాదిరి మంచిది పీకేవు. సూసి పీకు."

"నీకు యాడ సూసినా టమాటాలే తాతా!" అని నవ్వింది. కానీ మూడు రోజులు పరీక్షించాకే పంపింది.

సాయం చేసినవాళ్ళ పేర్లు రాసే చోట నా పేరు కూడా వేయించింది. "ఇదో, నువ్వే" అని వేలుపెట్టి చూపించింది. అది అచ్చేయించి తెచ్చిన కాగితంలో ఆ ఇంగ్లీషు అక్షరాలు చూసి ఇక్కడ గీస్తున్నాను. మూడోది వంకర పోతోంది.

రేపు ఆ పనిముట్టు చెడిపోతే తిట్టేది నన్నే. తిట్టనీ. పేరు పెట్టే తిట్టాలి కదా.