మందు కొట్టని నిమ్మచెట్టు

జగ్గయ్యపేట,
శనివారం సాయంత్రం.

అన్నయ్యకి నీ చెల్లెలు సుజాత నమస్కారాలు.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదిన, పిల్లలు కులాసానా? గుడివాడలో వానలు పడ్డాయా? మేం బాగానే ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి గట్టిగా చెప్పు. ఈ ఉత్తరం మాత్రం అందరూ కూర్చున్నప్పుడు పైకి చదువు. ఇందులో నీకు తిట్లున్నాయి, నా గొప్పలూ ఉన్నాయి. కాస్త ఓపిక పట్టు, రెండూ వస్తాయి.

ఇక్కడికొచ్చి రెండు నెలలు దాటినా ఈ మెట్ట ఊరు నాకింకా అలవాటు కాలేదు. మన కాలవలు, వరిచేలు చూసిన కళ్లకి ఎటు చూసినా రాళ్లు, పత్తిచేలూనే. మీ బావగారు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చి చొక్కా దులిపితే ఆ దుమ్ముతో చిన్న గోడ కట్టొచ్చు. కూరల్లో కారం గురించి చెప్పక్కర్లేదు, నాలుక మండిపోతుంది. మధ్యాహ్నాలు ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే ఏడుపొచ్చేది. అందుకే ఇక్కడొక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతికి టీచరుగా చేరా. ఇప్పుడు బాగానే ఉన్నా, నిజంగానే బాగున్నా.

నా క్లాసులో చాలామంది పత్తి రైతుల పిల్లలే. కొందరు గరికపాడు వైపు నుంచి ఆటోల్లో వస్తారు, వాళ్ల నోట "గట్లనా మేడం" అన్నమాట వింటే భలే ముద్దొస్తుంది. చేరిన కొత్తలో బడి వెనకాల నిమ్మమొక్క మీద పురుగొకటి కనపడితే ఆకుతో సహా తెంపి క్లాసుకి పట్టుకెళ్లా. "ఇదే పెద్దయ్యాక సీతాకోకచిలుక అవుతుంది" అంటున్నానో లేదో, శ్రావణి అనే పిల్ల లేచొచ్చి నా చేతిలో ఆకుని కింద పడేసి, చెప్పుతో నలిపేసింది! "పురుగు కనపడితే చంపెయ్యమన్నాడు మేడం మా నాన్న" అని, మెచ్చుకుంటాననుకుని నా మొహంలోకి చూసింది. దాన్నేమనను? పత్తికి పురుగు పట్టి వాళ్ల నాన్న పడే అవస్థ రోజూ చూస్తున్న పిల్ల.

అందుకని తిట్టకుండా కథ చెప్పా. అనగనగా ఒక దర్జీ పురుగు. దాని చొక్కా అదే కుట్టుకుంటుంది. తింటే ఒళ్లొస్తుంది, చొక్కా బిగుతవుతుంది, చింపి అవతల పారేసి కొత్తది కుట్టుకుంటుంది. చివరికి ఒక చొక్కా తలమీంచి కాళ్లదాకా కప్పుకుని నిద్రపోతుంది. ఆ చొక్కా పల్చబడి నల్లగా కనపడిందంటే లోపల రెక్కలొచ్చాయన్నమాట. యూనిఫాం బిగుతైన పిల్లలందరికీ ఆ దర్జీ తెగ నచ్చేసింది. నందిగామ బజారులో దోమతెర గుడ్డ కొనుక్కొచ్చి సుద్దముక్కల పెట్టెలకి కట్టాం. నిమ్మాకుల మీద దొరికిన పురుగుల్ని వాటిల్లో పెట్టి, పిల్లలే ఆకులు వేసి, పిల్లలే పెట్టెలు తుడిచేవాళ్లు. చిన్నప్పుడు అవి అచ్చం పిట్టరెట్టలా ఉంటాయి. కాస్త ఎదిగాక కదిలిస్తే చాలు, కోపంతో ఎర్రటి కొమ్ములు బయటపెడతాయి. పిల్లలు కేరింతలు! పురుగంటే మంచమెక్కి కూర్చునే నీ చెల్లెలు వాటిని అరచేతిలో పెట్టుకుందంటే అమ్మ నమ్ముతుందా?

ఈ సంగతి ఊళ్లో పాకింది. శ్రావణి వాళ్ల నాన్న రమణయ్యగారు బడికొచ్చి నిలదీశారు. "మందు కొట్టలేక మేం చస్తుంటే మీరు పురుగుల్ని పెంచుతారా మేడం? ఇట్టాగైతే పిల్లని మాన్పిస్తా" అన్నారు. ఆయన వెనక ఇంకా నలుగురు. హెడ్మాస్టరుగారు నన్ను పిలిచి, "శనివారం తల్లిదండ్రుల్ని రమ్మంటా. ఆ రోజుకి మీరు చెప్పిన సీతాకోకచిలుక వాళ్లకి కనపడాలి. లేకపోతే ఇవన్నీ కట్టిపెట్టెయ్యాలి, మీ ఉద్యోగం మాట కూడా నేను చెప్పలేను" అన్నారు.

ఇక నీ తిట్లు. మొన్న మీ బావగారు గుడివాడ వచ్చినప్పుడు కరివేపాకు మొక్క ఇచ్చి పంపించావు చూడు, బడిలో నిమ్మాకు అయిపోయిందని, ఈ పురుగులు కరివేపాకూ తింటాయి కదా అని దాన్నే పిల్లలకి చూపించి, ఆకులు కోసి పెట్టెల్లో వేయించా. పొద్దున్న వేస్తే సాయంత్రానికి పురుగులన్నీ ఆకుల మీదే వేలాడిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు. పిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఆకు వాసన చూశా. మన పురుగుమందుల కొట్టులో పుట్టి పెరిగినదాన్ని, ఆ వాసన నాకు తెలియదా? ఇంటికెళ్లి మీ బావగారిని అడిగితే, "మీ అన్నయ్య మొక్కకి పురుగు పట్టకూడదని దగ్గరుండి శుభ్రంగా మందు కొట్టి ఇచ్చారు" అన్నారు. ఏమయ్యా మహానుభావా, పురుగుమందులు అమ్మితే మాత్రం చెల్లెలికి పంపే కరివేపాకుకి కూడా కొడతావా? అదింకా కూరలో వేసుకోలేదు, నయం!

ఇవాళ శనివారం. చేతిలో ఏమీ లేదు. క్షమించమని అడిగి ఉద్యోగం మానేద్దామనే వెళ్లా. తల్లిదండ్రులంతా వరండాలో కూర్చున్నారు. నేను లేచి నోరు తెరిచేలోపు రమణయ్యగారు గేటులోంచి వచ్చారు, చేతిలో చిన్న నిమ్మకొమ్మ. వెనకాలే శ్రావణి.

"మీ కథ విన్నకాణ్ణించి ఇది మా దొడ్లో నిమ్మచెట్టుని వెతికి ఒక పురుగుని పట్టుకుంది మేడం. నేను పంపు భుజానేసుకుంటే చాలు, చెట్టుకి అడ్డం నిలబడేది. చేనంతా కొట్టా గానీ, దీని పోరు పడలేక ఆ ఒక్క చెట్టూ వదిలేశా. పొద్దున్న చూస్తే ఆ పురుగు కప్పుకున్న చొక్కా నల్లబడింది. లోపల రెక్కలున్నాయి, మేడంకి చూపించాలని ఏడుపు" అన్నారు.

ఆయన కొమ్మని బల్లమీద పెట్టేలోపే అది విచ్చుకుంది అన్నయ్యా! ముడతలు పడ్డ తడి రెక్కలతో పాక్కుంటూ వెళ్లి ఆయన బొటనవేలెక్కి వేలాడింది. రోజూ పురుగుల్ని చంపే ఆ చెయ్యి కదలలేదు. రెక్కలు ఆరేదాకా ఆయన అలాగే నిలబడ్డారు, కుర్చీ వేస్తే కూడా కూర్చోలేదు. నలుపు మీద పసుపు మచ్చలు, కింద ఎర్రటి బొట్టు. "ఇది పత్తి తినదా మేడం?" అని మెల్లిగా అడిగారు. "తినదండి. పత్తి పురుగుని పెంచమని నేను అననండి. ఏది చేను తింటుందో, ఏది తినదో పిల్లలకి తెలియాలని నా తాపత్రయం. మా పుట్టింటివాళ్లది పురుగుమందుల కొట్టేనండి" అంటే అందరూ గొల్లున నవ్వారు. అది ఎగిరిపోతుంటే అందరూ వరండా దిగి తలలెత్తి చూశారు. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు.

వచ్చే శనివారం నుంచి ఈ పురుగుల పాఠానికి నాలుగో తరగతి పిల్లల్ని కూడా నా దగ్గర కూర్చోబెడతారట. హెడ్మాస్టరుగారే అన్నారు. గొప్పగా ఉంది అన్నయ్యా, నాకే కాదు, ఆ పిల్లని చూస్తే ఇంకా గొప్పగా ఉంది. అమ్మకి ఇది రెండుసార్లు చదివి వినిపించు. ఈసారి వచ్చేవాళ్లతో కాసిని గోంగూర పచ్చడి, ఇంకో కరివేపాకు మొక్క పంపించు. మందు కొట్టావో, నేను రాఖీకి రాను.

పిల్లలకి నీ సంగతి చెప్పేశా. "ఆ మామయ్య తెలియక చేశాడు కదా మేడం, మేమేం అనుకోవట్లేదని రాయండి" అన్నారు. శ్రావణి గీసిన సీతాకోకచిలుక బొమ్మ ఇందులో పెట్టా. "మా నాన్న వదిలేశాడు, మీరు కూడా ఒక చెట్టు వదిలెయ్యండి" అని దాని కింద తనే రాసింది. మన కొట్టులో మందు డబ్బాల వరస పైన, కొనడానికొచ్చినవాళ్లకి కనపడేచోట అంటించు.

అమ్మ దీవెనలు కోరుతూ, వదినకి నమస్కారాలతో, పిల్లలకి ముద్దులతో,

నీ చెల్లెలు
సుజాత