కంప్యూటర్‌కు తెలిసిన రెండు మాటలు

గౌరవనీయులైన మదర్ యూఫ్రసీ గారికి,

మొన్న బడి వ్యాను దహర్ ఎల్ బైదర్ కనుమ ఎక్కలేక పిల్లలతో సహా ఆగిపోయినందుకు, దాన్ని బాగుచేసే మా నాన్న క్షమాపణ చెప్పమన్నారు. ఆయనే రాయాల్సింది. "నువ్వే రాయి తల్లీ. నేను రాస్తే ఆ డ్రైవర్ జిర్యోస్ గాడి పేరు పక్కన రాయకూడని మాటలు పడతాయి" అన్నారు.

నాన్న కొత్తగా పెట్టిన వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, ఇంజన్‌లో ఎంత గాలికి ఎంత పెట్రోలు మండుతోందో అంకెల్లో చెబుతుంది. ఇంజన్‌కు పెట్రోలు కొలిచి వదిలే, వ్యానుతో వచ్చిన కంప్యూటర్‌కు ఆ అంకెలు తెలియవు. పెట్రోలు ఎక్కువైంది, తక్కువైంది అన్న రెండు మాటలే తెలుసు. అందుకే కొత్త సెన్సర్‌కున్న రెండు తీగల్లో అంకెల తీగను వదిలేసి, రెండోదాన్ని కంప్యూటర్‌కు కలిపారు. అది పాత సెన్సర్ లాగా ఆ రెండు మాటలే చెబుతుంది. చలికాలమంతా వ్యాను అలాగే నడిచింది.

"కంప్యూటర్ని మోసం చేస్తున్నారు మదర్" అని జిర్యోస్ మీతో అన్నాడట. బడి వ్యానులో అబద్ధం ఉండకూడదని మీరు అంకెల తీగనే కంప్యూటర్‌కు కలిపించారు. కంప్యూటర్ ప్రతి అంకెనూ "ఎక్కువైంది" అనుకుని, కనుమ ఎక్కడానికి చాలనంతగా పెట్రోలు తగ్గిస్తూ పోయింది.

అది అబద్ధం కాదని నా నమ్మకం. ఒకటో తరగతిలో స్వర్గం ఎక్కడుందని అడిగితే, మాకు అర్థమయ్యేలా మీరు వేలు పైకి చూపించారు. ఇదీ అంతే.

శుక్రవారం పిల్లలు పరీక్షకు బీరూట్ వెళ్లాలి. అది ఏడాదికి ఒక్కసారే. ఆ రెండు మాటల తీగ తిరిగి కలపడానికి దయచేసి అనుమతి ఇవ్వండి. అప్పటికీ పాపమే అంటే, శనివారం ఫాదర్ దగ్గర నేను ఒప్పుకుంటాను. శుక్రవారం మాత్రం వ్యాను కనుమ దాటాలి.

విధేయురాలు,
మీ పూర్వ విద్యార్థిని