దోసిట్లో పోసిన జొన్నలు

శుక్రవారం రాత్రి. మృగశిర వచ్చి వారమైనా చినుకు లేదు.

ఈ ఏడు గుట్ట మీద చెట్లు కొట్టి, కాల్చి పోడు చేయొద్దని, కింద మా స్వచ్ఛంద సంఘం గట్లు వేయించిన చేలల్లోనే విత్తుకోమని గూడెం వాళ్లను ఒప్పించింది నేనే. ఇవాళ వాళ్ల విత్తనాల పండుగ. పూజారి ముత్తయ్య ఇంటింటికీ జొన్నలు పంచుతూ నా దోసిట్లోనూ పోశాడు.

"నాకు సెంటు భూమి లేదు పెద్దయ్యా. ఈ బట్టతల మీద విత్తుకోవాల్నా? గదైతే ఖాళీగనే ఉంది," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"విత్తనం పట్టినోనికి పంటల పాలుంటది సారూ. పండకపోతే ఆకలిల గూడ ఉంటది."

గుట్ట మీదైతే బూడిదలో ఏదో ఒకటి మొలిచేది. కింద మొలవకపోతే?

ఇంటికొచ్చాక చొక్కా జేబులో జొన్నలు చూసి మా ఆవిడ, "కోళ్లకేస్తా," అంది. వద్దని అరిచాను. ఇంత గొంతు ఉందని నాకే తెలియదు.