మునెప్ప కూర్చొని పాడిన పాట

తిరుపతి, 1984, శుక్రవారం రాత్రి

సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, మా స్నేహితుల క్యాసెట్ల కంపెనీ గదిలో పాట రికార్డు చేసేటప్పుడు ఇకమీదట ఎవరూ దగ్గరాదు, తుమ్మరాదు, ఉక్కపోసినా ఫ్యాను వేయరాదు. ఉత్తర్వు నాది. మొదట తుమ్మిందీ నేనే.

మా మొదటి క్యాసెట్టుకని ఐరాల నుంచి, చేతిలో చెక్కలు వాయిస్తా అడుగులేస్తా పాడే చెక్కభజన గురువు మునెప్పను పిలిపించినాము. ఆయన అడుగేస్తే మైకులో పాట కంటే కాళ్ల చప్పుడే ఎక్కువ పడతా ఉండాది. కుర్చీలో కూర్చోబెడితే గొంతే పెగల్లేదు.

"కాలు ఆడకుంటే పాట యాడొస్తాదప్పా? మా గురువు నేర్పింది అట్ల" అని చెక్కలు సంచిలో పెట్టేసుకున్నాడు.

కంపెనీలో నా జతగాడు రంగడు నన్ను గిల్లినాడు. "ఊరందరికీ కతలు చెప్తావు గదబ్బా, ఇప్పుడేమైంది నీ నోటికి?"

చెప్పినాను. "పెద్దాయనా, మీ గురువు కాలు విరిగినప్పుడు మంచం మీద కూర్చొనే తెల్లార్లూ పాడినాడు. మా నాయన కండ్లారా చూసినాడు."

"నాకెవురూ చెప్పలేదే" అని మునెప్ప కండ్లు తుడుచుకున్నాడు. కూర్చున్నాడు. పాడినాడు. అట్లాంటి పాట నేను ఇంతవరకూ వినలేదు.

పోతా పోతా నా చేయి పట్టుకొని, "ఈ మాట నా శిష్యులందరికీ చెప్తా. క్యాసెట్టు అట్ట మీద గూడా అచ్చెయ్యండప్పా" అన్నాడు. రంగడు అప్పుడే రాసిపెట్టినాడు. రేపు ప్రెస్సుకు పోతాది.

నిజం చెప్తే ఆ ముసలాయన తన పాట తానే వినలేడు. చెప్పకుంటే...

మా నాయన ఆ గురువును చూసిందే లేదు. ఆ మహానుభావుడి కాలు విరగ్గొట్టింది నేనే, ఈ పొద్దు పదకొండు గంటలకు.