రెండో భాగంలో ఈయన

14 జూలై 1991
ఈయన మళ్ళీ శవమయ్యాడు. రెండేళ్ళ కిందట అభన్‌పూర్ దగ్గర ఎవరో దయ్యాల సినిమా తీస్తే, ఫ్యాక్టరీ వాళ్ళతో పాటు ఈయనా సమాధిలోంచి లేచి నడిచే శవం వేషం వేశాడు. ఇప్పుడు దానికి రెండో భాగమట. ఆదివారాలు షూటింగట. అప్పుడైతే మేముండే బీర్‌గావ్ అంతా చాటింపు వేశాడు. ఈసారి నేను అడిగితే గానీ నోరు విప్పలేదు.

21 జూలై
చొక్కా శుభ్రంగా ఉంది!
అప్పుడు శవం వేషానికి పూసిన మైదాపిండి, ఎర్ర రంగు చెవుల వెనక నుంచి ఎన్నాళ్ళకి వదిలాయి... దిండు గలీబులు పారేశాను. అడిగితే — "ఇప్పుడు ఆళ్ళే కడిగీసి పంపిస్తన్నారే."
శవాలకి స్నానాలు చేయించే కంపెనీ. బాగుంది.

4 ఆగస్టు
పోయినేడు మిషనులో పడి కుడిచేతి చూపుడు వేలు పోయింది. అప్పట్నుంచీ చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. ఇవాళ నేను నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి తనే పెట్టుకుని, తల దువ్వుకుని, పౌడరు రాసుకుని గుమ్మంలో ఉన్నాడు.
శవానికి పాపిడెందుకు?

13 ఆగస్టు
వెంకట్రావు వచ్చాడు, సైకిలు పంపు కోసం. ఫ్యాక్టరీలో ఈయన పక్క మిషను అతనిదే. మొదటి సినిమాకి ఈయన్ని తీసుకెళ్ళింది అతనే.
"మీరూ ఎల్తన్నారా, షూటింగుకి?"
"ఆఁ... ఎల్తన్నాం వదినా."
చెప్పే ముందు ఒకసారి ఈయన మొహంలోకి చూశాడు. టీ తాగకుండా వెళ్ళిపోయాడు. టీ వద్దన్న వెంకట్రావుని నేనింతవరకూ చూడలేదు.

8 సెప్టెంబర్
వాన. అయినా వెళ్ళాడు. వానలో సినిమా తీస్తారా?
పక్కింటి సాహూ భాభీతో అంటే — "శక్ మత్ కరో బహన్, ఆద్మీ సీధా హై." అనుమానపడకు, నికార్సైన మనిషేనట. అనుమానం పెనుభూతం అని మా అమ్మా అంటుంది. నిజమే కావచ్చు. కానీ ఇంట్లో ఉన్నది భూతమో మొగుడో నాకు తేలాలి కదా.

6 డిసెంబర్
సినిమా వచ్చింది. మార్కెట్టు గోడ మీద పోస్టరు చూశాను.
"నువ్వేటి సూస్తావే, బాగోదు. మా సీన్లన్నీ కోసీసుంటారు."
మొదటి భాగానికి వీధి మొత్తాన్ని టెంపో ఎక్కించి తీసుకెళ్ళిన మనిషి. చూడకుండానే బాగోదని ఎలా తెలిసిందో.

10 డిసెంబర్
భాభీని తీసుకుని మ్యాట్నీకి వెళ్ళాను.
అంత దరిద్రపు సినిమా పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కొత్త హీరో, కొత్త హీరోయిను — ఊరికే అరుస్తుంది. కథ లేదు. శవాలు లేచే చోట మొదటి సినిమా ముక్కలే తెచ్చి అతికించారు. అదే పొగ, అదే సమాధులు, నడుమ అదే నల్లకుక్క అడ్డంగా పరిగెత్తడం. జనం ఈలలు — "అరే, యే తో పురానా హై రే!" పాతదేరా ఇది అని.
నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మట్టిలోంచి కుడిచెయ్యి లేచింది. వెనకే ఈయన మొహం.
చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి.
తెగిన ఆ వేలి పుండుకి రోజూ కట్టు కట్టినదాన్ని నేను. నాకు తెలీదా? అది రెండేళ్ళ కిందటి చెయ్యి. ఈయన్ని కొత్తగా ఎవరూ తియ్యలేదు. ఎక్కడ వెతికినా కొత్త శవమంటూ ఒక్కటి లేదు.
మరి ఆ ఆదివారాలన్నీ...
హాలంతా నవ్వుతుంటే నాకొక్కదానికే భయం వేసింది. భాభీ చెయ్యి పట్టుకున్నాను. "ఇత్‌నా డర్ గయీ? ఇస్ మే?" అంది, ఇందులో అంత భయమేమిటన్నట్టు.

అదే రోజు, సాయంత్రం
ఎవరు చెప్పారో, వస్తూనే అడిగాడు — "సూసావేటి?"
"సూసాను."
"నాను కనిపించానా?"
"కనిపించారు. బాగా సేసారు."
ఎందుకలా అన్నానో. నిలదీస్తే నిజం చెప్పేస్తాడేమోనని. చెప్పేస్తే ఆ తరవాత నేనేం చెయ్యాలో నాకు తెలీదు. ఈ మనిషంటే నాకింకా ఇష్టం — అదీ నా ఖర్మ.

13 డిసెంబర్
పోస్టరు మీద అప్పుడే వేరే సినిమా పోస్టరు అంటించేశారు.
అన్నం తింటూ, తల ఎత్తకుండా — మూడో భాగం తీస్తున్నారట. ఆదివారం అభన్‌పూర్ వెళ్ళాలట.
"నానూ ఒస్తాను."
"ఆడోళ్ళకేటి అక్కడ?"
"సచ్చినోళ్ళలో ఆడోళ్ళుండరేటి?"
చారు వద్దని లేచిపోయాడు.

15 డిసెంబర్
క్యారేజీలో ఇద్దరికీ సర్దాను. నీలం చీర కట్టుకున్నాను. ఎనిమిదింటి బస్సు పట్టుకుందాం అన్నాను, ఊఁ అన్నాడు.
స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపయింది. గడియ వేసే ఉంది. నీళ్ళ చప్పుడు లేదు. బస్సు వెళ్ళిపోయేదాకా బయటికి రాడనుకుంటా.