పదకొండు ఎర్ర గుర్తులు

ఖమ్మం జిల్లా జూలూరుపాడు నివాసి, కీర్తిశేషులు ఏసోబు కుమారుడు, మిషన్ దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరైన జకర్యా అనే నేను, వయస్సు డెబ్బై ఒకటి, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా. కుడి చేయి పడిపోయింది గాని బుర్ర పడిపోలేదు. దీన్ని అమలు చేయవలసినవాడు నా స్నేహితుడు, రిటైర్డు టీచరు పగిడయ్య.

1. ఇల్లు, దాని వెనక ఎకరం చెలక నా ఒక్కగానొక్క కూతురు మహిమకు సర్వహక్కులతో చెందవలెను. వైరాలో నర్సుగా చేస్తోంది కనుక అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు.

2. ఆరేళ్ళుగా వండిపెట్టిన కన్నమ్మకు నా రేడియో, ఉన్ని దుప్పటి. పప్పులో ఉప్పు ఎక్కువైందని రోజూ సణిగాను. ఎక్కువ కాదు, నాకే బీపీ.

3. బావమరిది సుకుమార్‌కు టేప్ రికార్డరు. ఎందుకో అతనికి తెలుసు, మిగతావాళ్ళకు చెబుతున్నాను. మా దవాఖానాలో పనిచేసిన ఐర్లాండు సిస్టర్ బ్రిజిడ్ నాకు మాండలిన్ మీద తన దేశపు బాణీలు నేర్పింది. ముందు వట్టి బాణీ, గమకాలు తర్వాత అనేది. ఆ 'తర్వాత' రాకముందే తన దేశం వెళ్ళిపోయి, అక్కడి నుంచి ఒక బాణీని గమకాలతో వాయించి క్యాసెట్టు పంపింది. నేను చర్ల వైపు మలేరియా క్యాంపులో ఉండగా సుకుమార్ పార్సిలు విప్పి, దాని మీదే క్రిస్మస్ పాటలు రికార్డు చేశాడు. బాణీ ఒకసారి పూర్తిగా తిరిగే మొదటి చుట్టు మాత్రం మిగిలింది. అడిగితే, "గదే మళ్ళా మళ్ళా వస్తున్నది గద బావా" అన్నాడు. క్షమించానని వ్రాయించమంటున్నాడు పగిడయ్య. వ్రాయించను.

4. నా నోటుపుస్తకం నాతోపాటు పెట్టెలో పెట్టవలెను. మిగిలిన ఆ ఒక్క చుట్టునే ఏళ్ళ తరబడి విని, ఎక్కడ పక్క స్వరాన్ని చిటుక్కున తాకి వదలాలో, ఎక్కడ ఒకే తీగను మూడుసార్లు గబగబా మీటాలో అందులో పదకొండు ఎర్ర గుర్తులు పెట్టుకున్నాను. అవే మహిమకు నేర్పాను. 1995 ఈస్టరు నాడు చర్చిలో ఆ బాణీని రెండో చుట్టు వాయిస్తూ, మూడో గుర్తు దగ్గర తను వేరే గమకం వేసింది. నేను లేచి, సంఘమంతా చూస్తుండగా మాండలిన్ లాక్కుని, నీకు వాయించే అర్హత లేదన్నాను. మహిమకు అప్పుడు పదిహేడేళ్ళు. "నాయినా, గక్కడ నాకు గట్లనే పలికింది" అని ఒక్క మాట అంది. మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పటికీ ఆదివారం వస్తుంది, ఇంజెక్షను ఇస్తుంది, గోడకున్న మాండలిన్ వైపు చూడకుండా వెళ్ళిపోతుంది.

నిరుడు సిస్టర్ చనిపోయాక వాళ్ళ మఠం వాళ్ళు ఇంకో క్యాసెట్టు పంపారు. అదే బాణీ, నాలుగు చుట్లు. ఏ చుట్టూ ఇంకో చుట్టులా లేదు. మూడో గుర్తు దగ్గర నాలుగుసార్లూ నాలుగు రకాలు. మహిమ వేసింది వాటిలో లేదు. అది మహిమదే. సిస్టర్ ఉండి ఉంటే సంతోషించేది. ఈ సంగతి కూతురికి చెప్పడానికి పదమూడు నెలలుగా ముఖం చెల్లక చచ్చిపోతున్నాను.

5. మాండలిన్, ఆ రెండో క్యాసెట్టు మహిమకు. నా సమాధి దగ్గర ఆమె వాయిస్తే తనకు పలికినట్టు వాయించాలి. వాయించకపోతే ఎవరూ అడగకూడదు. ఇంకెవరూ వాయించకూడదు.

6. ఈ కాగితాన్ని నేను పోయిన తర్వాత తీరిగ్గా ఇంట్లో కాదు, పెట్టె మూయకముందే చర్చిలో పగిడయ్య చదవవలెను. నాలుగో క్లాజు దగ్గర నా పరువు కోసం గొంతు తగ్గించవద్దు. ఆ రోజు నేనన్న మాట చివరి వరుస దాకా వినబడింది. ఇదీ అక్కడిదాకా వినబడాలి.

జూలూరుపాడు, 14 ఆగస్టు 2008.

కుడి చేయి పనిచేయనందున జకర్యా ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: రవీందర్, భద్రు
చెప్పింది చెప్పినట్టు వ్రాసినది: ప్రమీల