మీ టొయోటా బండి సంగతి

కొత్తపేట,
2011 అక్టోబరు.

శ్రీరామమూర్తి గారికి నమస్కారం.

తెలంగాణ ఉద్యమం చూసి భయపడి భీమవరం వెళ్ళిన మీరు, ఇక రానని, టొయోటా ఇన్నోవాను అమ్మిపెట్టమని రాశారు. నిన్న పెద్ద అంబర్‌పేట్ నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు.

"ఇంజన్‌కు ఢోకా లేదన్నా. గానీ, ఓనరు వాపసొచ్చేటట్టు లేడు గదా, సగానికి ఇప్పియ్యరాదు!" అన్నాడు.

"ఎవలు చెప్పిన్రు నీకు? ఆయనొస్తడు" అని పంపించేశాను.

ఆ జపాన్ కంపెనీ వాళ్ళు కార్లకంటే ముందు మగ్గాలు చేసేవారట. పోగు తెగితే దానంతటదే ఆగే మగ్గం. అతికాక మళ్ళీ నడుస్తుందట. మా నాన్నదీ మగ్గమే. నేనూ మీలాగే బతకడానికి ఊరు విడిచి ఈ వీధికి వచ్చాను.

తెలంగాణ రావాలనే నేనూ కోరుతున్నాను. మీరు పోవాలని కోరలేదు.

తాళంచెవి మా ఇంట్లోనే ఉంది. అమ్మాలన్నా, నడపాలన్నా మీరే రండి.

మీ పక్కింటివాడు